చెవి యెరుగని మాట

మా వీధిలో ఒక అమ్మాయి కలదు. నర్సు చదువు ముగించి, పట్నమున ఒక ఆసుపత్రిలో క్రొత్తగా కొలువునకు కుదిరినది. నిరుడు వానకాలములో ఒకనాటి సాయంకాలము ముఖము చిన్నబుచ్చుకొని మా యింటికి వచ్చి, "మాస్టారూ, మీరు ఇన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పారు గదా, నాకు ఇంగ్లీషు వచ్చినట్టా రానట్టా?" అని అడిగినది. సంగతి యేమనగా, ముందటి రాత్రి ఆమె కాపున్న గదిలో, కాలు విరిగి పిండికట్టు కట్టించుకొన్న రోగి యొకడు బాధతో మూలుగుచుండగా పెద్ద డాక్టరుగారికి ఫోను చేసినదట. ఆయనకు తెలుగు రాదు. ఇంగ్లీషున గబగబ నాలుగు ప్రశ్నలు వేసినాడట. అందు మూడింటికి ఈమె సమాధానము చెప్పినది. నాల్గవది, కాలు 'నమ్'గా నున్నదా అని. ఆ మాట ఆమెకు బోధపడలేదు. రెండవమారు అడిగినను బోధపడలేదు. ఆయన విసిగి, అనుభవము గల మరియొక నర్సును పిలువుమన్నాడు. కట్టు బిగిసినపుడు వ్రేళ్ళకు స్పర్శ తప్పుట అపాయసూచనయట. కట్టును వెంటనే సడలించిరి. రోగికి ప్రమాదమేమియు కలుగలేదు. కాని ఆ పిల్లకు మాత్రము ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

ఆ మాట ఆమె యెరుగనిదా? ఎరిగినదే! ఎన్, యు, ఎమ్, బి అను నాలుగక్షరములను తన పుస్తకములో ఎఱ్ఱసిరాతో వ్రాసి, ప్రక్కన 'తిమ్మిరి' అని అర్థము వ్రాసుకొన్నది. పరీక్షలో దానిని గురించి వ్రాసి మార్కులు తెచ్చుకొన్నది. అయితే ఆమె దానిని మొదటినుండియు 'నంబ్' అని చదువుకొన్నది. డాక్టరుగారు పలికినది 'నమ్'. కన్ను బాగుగా నెరిగిన మాటను చెవి పోల్చుకొనలేక పోయినది.

ఆమె కథ విని నేను నవ్వలేదు. నా కథ నాకు జ్ఞప్తికి వచ్చినది. మా పల్లెటూరి బడిలో రోజునకు ఐదేసి ఇంగ్లీషు మాటలు వల్లె వేయించుచుండిరి. మాట, స్పెల్లింగు, తెలుగు అర్థము: ఈ మూడును అప్పజెప్పినవానికి బెత్తము దెబ్బ తప్పును. ఆ విధముగా నేను రెండువేల మాటలకు తక్కువ గాకుండ మూట గట్టుకొంటిని. ఇరువది రెండవ యేట మొట్టమొదటిసారి ఉద్యోగమునకై నలుగురు పెద్దల యెదుట కూర్చుండి, నిశ్చయించుట యను నర్థమిచ్చు 'డిటర్మిన్' అను మాటను ధైర్యముగా 'డిటర్‌మైన్' అని పలికితిని. చివర 'మైన్' అను గని యున్నట్లు కన్నునకు కనబడుచున్నది గదా! నలుగురిలో ఒకాయన చిరునవ్వు నవ్వి, అదే మాటను తన ప్రశ్నలో ఇమిడ్చి సరిగా పలికినాడు. ఆయన సరిదిద్దుచున్నాడని గూడ నాకు తెలియలేదు. ఏదియో క్రొత్త మాట యనుకొంటిని. ఇంటికి వచ్చి నిఘంటువులో వెదకి, సిగ్గుతో చచ్చినంత పనియైనది. పదునాలుగేండ్లు నా వెంట తిరిగిన మాట అది.

ఇట్టివి మనలో ప్రతివానికిని నాలుగైదైనను ఉండును. పాతిపెట్టుట యను నర్థము గల మాటను 'బెరి' అనుటకు మారు 'బరి' యందుము. 'ప్రొనౌన్స్' అను క్రియను జూచి ఉచ్చారణను 'ప్రొనౌన్సియేషన్' అందుము, అది 'ప్రొనన్సియేషన్'. ఉచ్చారణ యను మాటనే తప్పుగా ఉచ్చరించుట గ్రహచారము గాక మరేమి?

తప్పు కేవలము మనది కాదు. తెలుగు బాలుడు 'క'కు 'క' యనియే పలుకునని నమ్మి పెరిగినవాడు. వ్రాసినట్లు చదువుట, చదివినట్లు వ్రాయుట వానికి పుట్టుకతో వచ్చిన ధర్మము. ఇంగ్లీషునందు అక్షరములు 26. ఇంగ్లండునందలి శిష్టోచ్చారణలో ధ్వనులు 44 అని శాస్త్రజ్ఞుల లెక్క. చాలని బట్టతో పెద్ద దేహమును కప్పుకొనవలసిన యవస్థ! అది చాలక, విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టరునందు అచ్చుయంత్రము నెలకొల్పిన తరువాత అక్షరక్రమము క్రమముగా గట్టిపడినది. జనుల నోట అచ్చుల ధ్వనులు మాత్రము మారుచునే పోయినవి. కత్తిని తెలుపు 'నైఫ్' అను మాటకు మొదట నున్న 'కె' ఒకప్పుడు నిజముగా పలుకబడినదే. పలుకు పోయినది, అక్షరము మిగిలినది.

మరికొన్ని అక్షరములు పండితుల చలువ. అప్పును తెలుపు 'డెట్' అను మాట ఫ్రెంచివారి నుండి 'బి' లేకుండ వచ్చినది. దాని లాటిను పూర్వికుని యందు 'బి' యున్నదని చెప్పి, పండితులు దానిని తెచ్చి నడుమ దూర్చిరి. ద్వీపమును తెలుపు 'ఐలండ్' లోని 'ఎస్' మరింత అన్యాయము. వేరొక మాటతో చుట్టరికమున్నదని పొరబడి చేర్చినది. ఇక మన నర్సమ్మను బాధపెట్టిన 'నమ్' చరిత్ర వినదగినది. తీసికొనుట, పట్టుకొనుట యను నర్థముగల పాత ఇంగ్లీషు క్రియ యొకటి యుండెను. దాని నుండి 'పట్టుబడినది' అను నర్థమున ఈ మాట పుట్టినది. మనమును కాలు 'పట్టివేసినది' అనుచున్నాము గదా! గొఱ్ఱెపిల్లను తెలుపు 'లామ్', దువ్వెనను తెలుపు 'కోమ్' అను మాటల చివర నున్న 'బి' ఒకనాడు పలుకబడినది. వానిని జూచి, ఎన్నడును 'బి' లేని ఈ మాటకు గూడ పదునేడవ శతాబ్దమున దానిని తగిలించిరి. అనగా ఆ 'బి'ని ఏ కాలమునందును ఎవ్వరును పలుకలేదు. ఈ సంగతి చెప్పినపుడు ఆ అమ్మాయి, "మరి నా తప్పేముంది మాస్టారూ!" అని మొదటిసారి నవ్వినది.

ఇంగ్లీషు నేర్చుకొను తెలుగువానికి ఉచ్చారణ తెలుపవలెనను తలంపు క్రొత్తది కాదు. సి. పి. బ్రౌను దొర 1850 దశకములో మద్రాసున ప్రకటించిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ముఖపత్రముననే, ఇంగ్లీషు పలుకుబళ్ళను తెలుగున వివరించుటయు, ఇంగ్లీషు మాటల ఉచ్చారణను తెలుపుటయు తన యుద్దేశములని చెప్పుకొన్నాడు. ఆయనకు ముందే, ఒంగోలు వాడైన వెన్నెలకంటి సుబ్బారావుగారు 1815 నుండి 1829 వరకు మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడుగను దుబాసిగను పనిచేసినారు. ఇంగ్లీషుననే తన జీవితకథ వ్రాసినారు. అది 1873లో అచ్చయినది. కచ్చేరీలో ఎదుటివాని నోట విని, తన నోట పలుకనిదే దుబాసి పని గడచునా? ఆ కాలమువారికి మాట ముందు చెవిలో పడి తరువాత కంట బడినది. మన బడులలో ఈ వరుస తలక్రిందులైనది. నా చిన్ననాట నా చేతిలోనున్న చిన్న నిఘంటువులో ఉచ్చారణ యను ఊసే లేదు. మాటకు మాట బదులు, అంతే.

ఆ 'మాటకు మాట బదులు' అనునదే రెండవ చిక్కు. ఒక ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాట సరిగా సరిపోవునను నమ్మకము ఎంతవరకు నిలుచును? మనము చెట్టు ఎక్కుదుము, రైలు ఎక్కుదుము, గుఱ్ఱము ఎక్కుదుము, కోపము వచ్చినపుడు కోర్టు గూడ ఎక్కుదుము. త్రాగినవానికి నిషా ఎక్కును. ఇంగ్లీషువాడు ఇందు ఒక్కొక్కదానికి ఒక్కొక్క మాట వెదకుకొనవలసిన వాడే. అట్లే వాడు 'వాష్' అను ఒక్క మాటతో గడుపుకొను చోట మనము బట్టలు ఉతుకుదుము, చేతులు కడుగుదుము. వాని 'అంకుల్' ఒక్కడే. మనకు పెదనాన్న, బాబాయి, మేనమామ, మామయ్య అని యెందరో.

మాటల చెలిమి ఇంకొకటి. మనము చిక్కని టీ త్రాగుదుము. ఇంగ్లీషున 'చిక్కని' అనుటకు 'థిక్' అను మాట యున్నది గదా యని 'థిక్ టీ' యన్నచో వాడు తెల్లబోవును. వాని టీ 'స్ట్రాంగ్', అనగా బలమైనది. మనకు సలహాలు ఎన్నియైన గలవు, వాని 'అడ్వైస్'నకు బహువచనము లేదు. దేనిని గురించియైన చర్చించుట మన యలవాటు గనుక 'డిస్కస్' ప్రక్కన 'అబౌట్' చేర్చుదుము. ఆ మాటకు ఆ తోక అక్కరలేదు. ఇవి వ్యాకరణ పుస్తకములోని పెద్ద నియమములు కావు. ఒక్కొక్క మాటతో పాటు పుట్టిన చిన్న చిన్న నడవడులు. మాటను నేర్చుకొను నాడే వీనిని గూడ నేర్చుకొనకున్న, తరువాత వదలవు.

అయినచో ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషుననే అర్థము చూచుకొనుట మేలు గదా యందురు. మేలే, అయితే ఆ అర్థము మనకు అర్థము కావలెను గదా! డాక్టర్ జాన్సను 1755లో వెలువరించిన మహానిఘంటువులో 'నెట్‌వర్క్' అను తేలికైన మాటను, దానికన్న ఎన్నో రెట్లు కఠినమైన లాటిను మూలపు మాటలతో వివరించి లోకమును నవ్వించినాడు. వల యననేమో యెరుగనివాడు ఆ వివరణ చదివి మరింత వలలో పడవలసినదే. జాన్సను నిఘంటువు ఇంగ్లీషు వచ్చినవారి కొరకు. రానివారి గోడు ఆయనకు పట్టలేదు.

ఆ గోడు పట్టినవారు ఎవ్వరు? ఇచ్చట ఒక విశేషమున్నది. నేర్చుకొనువారి నిఘంటువు యొక్క పుట్టిల్లు లండను గాదు. మన ఖండములోని పాఠశాలలు. మైకేల్ వెస్టు అను నాయన బెంగాలులోని ఢాకాలో విద్యాశాఖ యుద్యోగి. పిల్లవాని వాచకములలో ప్రతి పంక్తికి నాలుగు క్రొత్త మాటలు దొర్లుచుండుట చూచి, తక్కువ మాటలతో ఎక్కువ చదివించు మార్గము వెదకినాడు. 1935లో ఆయనయు, జేమ్స్ ఎండికాటు అను నాయనయు కలిసి యొక చిన్న నిఘంటువును ప్రకటించిరి. అందు 24,000 మాటలకును పలుకుబళ్ళకును అర్థములు చెప్పిరి. చెప్పుటకు వాడిన మాటలు 1,490 మాత్రమే! ఆ పదునైదు వందలు వచ్చిన పిల్లవాడు తక్కిన వానిని తనంత తానే తెలిసికొనగలడు. గుప్పెడు తాళపుచెవులతో వేయి గదులు తెరచినట్లు. ఇది నిఘంటు చరిత్రలో పెద్ద మలుపని నా నమ్మకము. జాన్సనునకు ఇచ్చిన గౌరవములో పదవవంతైన వెస్టునకు మన మివ్వలేదు. 1953లో ఆయన ప్రకటించిన సుమారు రెండువేల ముఖ్యపదముల పట్టిక లోకమంతట ఉపాధ్యాయులకు చేదోడైనది.

రెండవ పుట్టిల్లు జపాను. హెరాల్డు పామరు 1922లో అచ్చటికి పోయి ఇంగ్లీషు బోధనను సంస్కరింపబూనినాడు. 1924లో పోయిన ఏ. ఎస్. హార్న్‌బీ ఆయనతో చేరినాడు. హార్న్‌బీయు, ఇరువురు సహచరులును కూర్చిన నిఘంటువు 1942లో, యుద్ధము మండుచుండగా, టోక్యోలో అచ్చయినది. శత్రుదేశపు భాషకు శత్రుదేశమున నిఘంటువు! దానినే ఆక్స్‌ఫర్డువారు 1948లో మరల అచ్చువేసిరి. నేటికిని దాని సంతతి మన విద్యార్థుల చేతులలో నున్నది. ఏ క్రియ తరువాత ఏ రూపము రావలెను, ఏ నామమునకు బహువచనము కలదు, ఏ దానికి లేదు అని ప్రతి మాటకు గుర్తు పెట్టుట దాని గొప్ప. నేను పైన చెప్పిన 'అడ్వైస్', 'డిస్కస్' రోగములకు మందు అందున్నది. ఇంగ్లీషు తల్లిభాషగా గలవానికి ఈ గుర్తులు అక్కరలేదు. కావున లండనులోని పండితునకు అవి తోచలేదు. ఎదుట కూర్చున్న జపాను పిల్లవాడు తప్పు చేయుట చూచినవానికే తోచినవి.

ఇక ఉచ్చారణకు లండను విశ్వవిద్యాలయ కళాశాలలో పనిచేసిన డేనియల్ జోన్సు 1917లో ప్రత్యేకముగా ఒక నిఘంటువు చేసినాడు. అందు అర్థములు లేవు, ధ్వనులు మాత్రమే. 1886లో పారిసులో వెలసిన ధ్వనిశాస్త్ర సంఘమువారి లిపి దానికి ఆధారము. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గుర్తు. తెలుగువానికి ఈ పద్ధతి క్రొత్తయా? మన వర్ణమాల ఆ ధర్మమునే పాటించుచున్నది గదా! అందుచేత ఆ గుర్తులు మనకు ఒక వారములో పట్టుబడును. మన బడులలో వానిని నేర్పకపోవుట నాకు నేటికిని అర్థము కాని విషయము. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్ల సంస్థ వెలసినది. అదియే 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైనది. అచ్చట ధ్వనిశాస్త్రము చదివి వచ్చిన ఉపాధ్యాయులు కొందరు ఊళ్ళకు చేరిరి. ఆ చదువు పల్లె బడి నల్లబల్ల దాక వచ్చుట మాత్రము అరుదు.

తెలుగు లిపిలోనే ఉచ్చారణ వ్రాసుకొనరాదా యని అడుగువారు కలరు. చాలవరకు వ్రాసుకొనవచ్చును, మూడు చోట్ల జాగ్రత్త వలయును. మొదటిది, మనది అజంతభాష. హల్లుతో ముగియు మాట మన నాలుకపై నిలువదు. బస్సు, కారు, రోడ్డు అని ఒక ఉకారమును అతికించిన గాని తృప్తి లేదు. తెలుగు మాటలాడునపుడు అది సొంపే. ఇంగ్లీషున మాత్రము పొల్లును పొల్లుగా విడువవలెను. రెండవది, వారి 'వి'యు 'డబ్ల్యు'యు మనకు ఒక్క 'వ'కారమే. పడమటి దిక్కును, లోపల తొడుగుకొను బనియనును మనము ఒకే తీరున 'వెస్ట్' అందుము. మొదటిదానికి పెదవులు గుండ్రముగా ముడువవలెను. రెండవదానికి పై పండ్లు క్రింది పెదవిని తాకవలెను.

మూడవది ఊనిక. ఇది అన్నిటికన్న ముఖ్యము, అన్నిటికన్న ఉపేక్షితము. మనము అక్షరములన్నిటిని ఇంచుమించు సమముగా పలుకుదుము; ఇంగ్లీషువాడు ఒకదానిపై బరువు వేసి తక్కిన వానిని మ్రింగును. ఛాయాచిత్రము 'ఫోటోగ్రాఫ్', బరువు మొదట. ఆ కళ 'ఫటాగ్రఫి'. బరువు రెండవ చోటికి జరిగినది, మొదటి 'ఫో' నలిగి 'ఫ'యైనది. ఆ నలిగిన అచ్చే ఇంగ్లీషునందు అన్ని అచ్చులకన్న ఎక్కువగా వినవచ్చునది. దానికి మన వర్ణమాలలో అక్షరము లేదు. 'రికార్డ్' అను మాటయందు బరువు చివర నున్న క్రియ. మొదటికి తెచ్చి 'రెకర్డ్' అన్నచో నామము. బరువు తప్పిన మాటను వారు పోల్చుకొనలేరు, వారు బరువు వేసి పలికినదానిని మనము పోల్చుకొనలేము.

లోపములే గాదు, మనకు తెలియని కలిమియు గలదు. 'బ్యాంకు', 'క్యాపు' లలోని అచ్చు మనకు లేదని కొందరు వాపోవుదురు. 'వాడు వచ్చాడు' అని మన యిండ్లలో పలుకునపుడు ఆ 'చ్చా'లో వినవచ్చు ధ్వని యేది? ఇంచుమించు అదే, కొంచెము సాగినది. నోట నున్నది, అక్షరము లేదు, అంతే. అట్లే 'జడ' యనునపుడు మనము పలుకు దంత్యమైన 'ౙ' ఇంగ్లీషు 'జెడ్'నకు దగ్గరి చుట్టము. ఆ అక్షరమును మన వాచకముల నుండి తరిమివేసి, 'జూ'ను తాలవ్యమైన 'జ'తో పలుకుచున్నామని విచారించుట ఏమి న్యాయము?

భాషను చెవితో పట్టుట యెట్లో మనకు పొరుగువా రెవ్వరును చెప్పనక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, లిపి లేని సవర భాషను సవరల నోట విని నేర్చినారు. నిఘంటువులు, వ్యాకరణము వ్రాసినారు. పుస్తకము లేదు గనుక ఆయనకు 'నంబ్' అను పొరపాటు కలుగుటకు వీలే లేదు.

ఆ అమ్మాయికి నేను క్రొత్త పుస్తకము నొకదానిని కొని యిచ్చితిని. పుటకు ఆరు మాటలకన్న వ్రాయవలదంటిని. మాట, దాని ప్రక్కన ఊనిక గుర్తుతో ఉచ్చారణ, క్రింద తేలిక ఇంగ్లీషున అర్థము, దాని క్రింద తన ఆసుపత్రిలో నిజముగా విన్న వాక్యము. తెలుగు అర్థము చిట్టచివర. చేతిలోని ఫోను ఏ మాటనైనను పలికి వినిపించుచున్న రోజులివి. మా కాలమున ఆ భాగ్యము లేదు. అయితే విని యూరకుండిన లాభము లేదు. పైకి పలుకవలెను, ఎవరైన చదువగా పుస్తకము మూసి గుర్తింపవలెను. మరునాడు ఒకమారు, నాల్గవనాడు ఒకమారు, వారమునకు ఒకమారు. ఎబింగ్‌హౌస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అర్థము లేని అక్షరములను తానే వల్లెవేసి, మరపు మొదటి గంటలలోనే వేగముగా వచ్చుననియు, ఒక్క పూట కూర్చుండి వల్లించుటకన్న దినములకు పంచి వల్లించుట మేలనియు 1885లోనే చూపినాడు. మా బడిలోని బెత్తమునకు ఈ సంగతి తెలియదు.

ఆదివారములందు ఆమె వచ్చును. నేను మాట చదువుదును. ఆమె కన్నులు మూసికొని విని, వ్రాసి, అర్థము చెప్పును. మొన్న 'నమ్' దగ్గరకు వచ్చితిమి. పాత పుస్తకములోని 'తిమ్మిరి'ని కొట్టివేసి యున్నది.

"ఇదేమమ్మా?" అంటిని.

"తిమ్మిరి అంటే చీమలు పాకినట్టుంటుంది మాస్టారూ, దానికి వేరే మాటుంది. ఇది మొద్దుబారడం. గిచ్చినా తెలియదు. మన పేషంట్లు రెండింటినీ తిమ్మిర్లే అంటారు. అందుకని ఇప్పుడు వట్టినే అడగడం మానేశాను. కాలివేలు గిచ్చి, తెలుస్తోందా అని అడిగి, అప్పుడు డాక్టరుగారికి చెబుతున్నాను."

నేను నిఘంటువు తీసి చూచితిని. ఆమె చెప్పినదే సరి. నా ప్రతిలో ఆ మాట ప్రక్కన నలువది యేండ్ల క్రిందట నేను పెన్సిలుతో వ్రాసికొన్న తెలుగు అర్థము 'తిమ్మిరి' అనియే యున్నది. రబ్బరు కొరకు వెదకుచుండగా ఆమె తరువాతి మాట చదువుమన్నది.